పెదాల మాట

బడులు తెరిచే ముందు రెండు నెలలు ఆ ప్రెస్సులో మెషిన్లు ఆగవు. పిల్లల పుస్తకాలు మరి. ఒక్క తరగతికి అందకపోయినా ఊరంతా గోల. అందుకని అచ్చు వేసే హాల్లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న బైండింగ్ హాల్లోనూ షిఫ్టు మీద షిఫ్టు నడుస్తుంది. కాగితం మడతపెట్టే మెషిన్, కుట్టే మెషిన్, కట్టల అంచులు తెగ్గోసే పెద్ద కత్తి, గోడ అవతలి రోలర్లు, అన్నీ కలిసి అందుకున్నాయంటే పక్క మనిషి చెవిలో అరిచినా ఆ అరుపు గాలికి పోవలసిందే.

అందుకే అక్కడివాళ్లు పెదాలతో మాట్లాడుకుంటారు. గొంతు పెట్టరు, పెట్టి లాభం లేదు. మాటని నోటితో పెద్దగా, విడివిడిగా గీస్తారు. చాలకపోతే చేతుల్ని సాయం తెచ్చుకుంటారు. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి కబుర్లు, ఎకసెక్కాలు, అలకలు, బుజ్జగింపులు అన్నీ అలా చప్పుడు లేకుండానే నడుస్తాయి. దానికి ఒకే ఒక్క కట్టుబాటు. ఎదుటి మనిషి చెప్పడం అయ్యేదాకా పెదాల మీంచి కన్ను తీయకూడదు. సగం చూసి మిగతా సగం ఊహించుకోకూడదు. పోయిన ఏడాది కత్తి మెషిన్ మీద ఉండే అతను అలాగే ఊహించుకున్నాడు. అవతలి మనిషి చెప్పడం పూర్తి కాకముందే కత్తి దించేశాడు. లెక్కల పుస్తకాల కట్టలో పేజీ నంబర్లన్నీ ఎగిరిపోయాయి. మేనేజరు పెట్టిన చివాట్లు మాత్రం అంత మోతలోనూ అందరికీ వినపడ్డాయట.

ఈ సీజన్ మొదట్లో ఆ హాల్లో ఒక అమ్మాయి చేరింది. ఫారాలు, అంటే అచ్చయి మడతపడ్డ కాగితాలు, పొడవాటి బల్ల మీద వరసగా ఉంటే, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కోటి తీసి పేర్చి పుస్తకంగా చేయడం ఆమె పని. రెండు రోజులు గుడ్లప్పగించి అందరి నోళ్లూ చూసింది. మూడో రోజు నుంచి అందుకుంది, ఇక ఆపలేదు. బల్ల చుట్టూ కాళ్లు తిరుగుతూ ఉంటే పెదాలు ఊరంతా తిరిగొచ్చేవి. బస్సులో చూసిన దెబ్బలాట, మేడ మీది వాళ్ల కుక్క, వాళ్ల అక్క పనిచేసే ఆసుపత్రి కబుర్లు. చెప్పిందంటే మనుషులు కళ్ల ముందు నడవాల్సిందే. కుట్టు మెషిన్ మీద కూర్చునే పెద్దావిడ, హాలందరికీ పిన్ని, నవ్వు ఆపుకోలేక ఒకసారి దారం తెంపుకుంది. ఆ రోజే ఈ అమ్మాయికి రేడియో అని పేరు పెట్టింది.

రేడియోకి నత్తి. ఈ సంగతి హాల్లో ఎవరికీ తెలియదు.

అది చిన్నప్పటి నుంచీ ఉంది. మాట గొంతు దాకా వస్తుంది, అక్కడ తలుపు వేసుకుపోతుంది. ఇంట్లో అక్క ఆ మాటని తనే అందుకుని పూర్తి చేసేస్తుంది. ప్రేమ కొద్దీ చేస్తుంది, చాలాసార్లు సరిగ్గానే చేస్తుంది. ఉద్యోగానికి వచ్చినప్పుడు సూపర్‌వైజరుతో మాట్లాడింది కూడా అక్కే. కానీ గొంతు పెట్టకుండా ఒట్టి పెదాలతో చెబితే ఆ తలుపు ఎందుకనో పడదు. మాటలు వాటంతట అవే జారిపోతాయి. షిఫ్టు అయ్యాక ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. గేటు దాటాక కూడా చెవుల్లో మెషిన్లు నడుస్తూనే ఉండేవి. "ఊఁ", "సరే", తల ఊపడం, చెయ్యి ఊపడం, వీటితో రేడియో బస్సెక్కేసేది. పుట్టాక మొదటిసారి నలుగురిలో ఆమెకి వాగుడుకాయ అన్న పేరు వచ్చింది. ఆ పేరంటే ఆమెకి ఎంత ఇష్టమో ఎవరికి చెబితే అర్థమవుతుంది!

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి కట్ట లారీ ఎక్కింది. సూపర్‌వైజరు వెళ్లి మెయిన్ స్విచ్ దించాడు. రోలర్లు మూలుగుతూ నిలబడ్డాయి. హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. ఇన్నాళ్లూ ఆ ఫ్యాను చప్పుడు చేస్తుందని ఎవరికీ తెలియదు.

"శని, ఆదివారాలు సెలవు. ఇక నుంచి ప్రతి వారం," అన్నాడు సూపర్‌వైజరు. అలవాటు లేని నిశ్శబ్దంలో ఆ మాట అరిచినట్టు వినపడి తనే ఉలిక్కిపడ్డాడు.

అట్టలు అంటించే అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆమెని జిగురు అంటారు. చేసే పని వల్ల సగం, ఏదైనా పట్టుకుంటే వదలని గుణం వల్ల సగం. "రేపు అందరం బయటికి పోతున్నాం. పిన్నీ, నువ్వూ. ఒరేయ్ పొడుగూ, నువ్వు కూడా. ఏమే రేడియో, ఎక్కడికి పోదాం?"

పొడుగంటే కత్తి మెషిన్ అతనే. అతను హాలు ఆ చివర నుంచి తల తిప్పి చూశాడు. అందరూ రేడియో వైపు చూశారు. ఆమె నోరు తెరిచింది. పెదాలతో, గొంతు లేకుండా, 'రాత్రి చెప్తాను' అంది.

జిగురు పగలబడి నవ్వింది. "మెషిన్లు ఆగిపోయాయే పిచ్చిదానా! అలవాటు చూడు దీనికి!"

అందరితోపాటు రేడియో కూడా నవ్వింది. నవ్వుతూనే లెక్క వేసుకుంది. ప్రతి వారం రెండు రోజులు సెలవంటే, ప్రతి వారం రెండు రోజులు నిశ్శబ్దం. పైగా సీజన్ పోయాక హాల్లో సగం మెషిన్లే నడుస్తాయట. ఆ వాగుడుకాయ పేరుని ఎంతకాలం నిలుపుకోగలదు?

ఇంటికి వెళ్లి, మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్‌లో అందరికీ కలిపి ఒక మెసేజ్ పెట్టింది. వేళ్లకి నత్తి లేదు. ఊరి మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టారని, జెయింట్ వీల్ ఉందని, మైకులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయని రాసి, ఆ చివరి ముక్క చెరిపేసి పంపించింది.

ఆమె ఎంచుకున్నది జెయింట్ వీల్‌ని కాదు, మైకుల్ని.

శనివారం సాయంత్రం నలుగురూ స్టాపులో కలుసుకున్నారు. అదృష్టం కొద్దీ పక్కనే రోడ్డు తవ్వుతున్నారు. బస్సొచ్చింది. కాలు పెట్టడానికి చోటు లేదు. తోపులాటలో రేడియో, జిగురు ముందు తలుపు దగ్గర ఇరుక్కున్నారు. పిన్ని, పొడుగు వెనక తలుపు దగ్గర. మధ్యలో తలకాయల సముద్రం.

అయితే ఏం? వాళ్లకది మామూలే. తలకాయల మీదుగా కబుర్లు మొదలయ్యాయి.

'ఆ కిటికీ పక్కాయన చూడు, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు,' అంది రేడియో పెదాలతో.

'ఫారం పెడితే మడతపెట్టేస్తాడు,' అన్నాడు పొడుగు అటు నుంచి.

జిగురు చేతులు ఊపుతూ ఇంకేదో కలిపింది. పిన్ని కడుపు పట్టుకుంది. బస్సులో మిగతావాళ్లకి ఒక్క మాటా వినపడడం లేదు. పెదాలూ, చేతులూ ఆడడం మాత్రం కనపడుతోంది.

ముందు సీట్లో ఒక ముసలావిడ వీళ్లనే చూస్తూ ఉంది. చూసి చూసి, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న కుర్రవాణ్ణి మోచేత్తో పొడిచి లేపింది. "లేవయ్యా, లే. మాటలు రాని పిల్లలు, నిలబడి వస్తున్నారు. కనపట్టంలా?" జిగురు చెయ్యి పట్టుకుని ఆ సీట్లో కూర్చోబెట్టింది. బుగ్గలు నిమిరి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ అడిగింది. "ఏ... ఊరు... తల్లీ... మీది?"

జిగురు నోరు తెరిచింది. ఆవిడ మొహంలో ఉన్న ప్రేమ చూసి మూసేసింది. ఇప్పుడు మాట్లాడితే ఆవిడ ఏమైపోతుంది? రేడియో వైపు దిక్కులేని చూపు చూసి, చేత్తో ఎటో చూపించింది. రేడియో మొహం అటు తిప్పుకుని వణికిపోతోంది, నవ్వుతో. పుట్టి బుద్ధెరిగి ఆమె ఇంత హాయిగా బస్సు ఎక్కలేదు. ఈ బస్సులో మాట్లాడాలని ఆమెని ఎవరూ అనుకోవడం లేదు. పైగా ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే జిగురు నోటికి తాళం పడింది.

ముసలావిడ సంచిలోంచి బిస్కట్ల పొట్లం తీసి ఇద్దరికీ పంచింది. వెనక వాళ్లకి కూడా చేతులు మార్చి పంపించమంది. పొట్లం తలల మీదుగా ప్రయాణం చేసి పిన్నిని చేరింది. పిన్ని రెండు చేతులూ జోడించింది. అంతా సవ్యంగా దిగిపోదురేమో. ఇంతలో బస్సు బ్రేకు పడింది, ఒక లావుపాటాయన మడమ పొడుగు కాలి వేళ్ల మీద దిగింది.

"అబ్బా! కాలు! నా కాలండీ బాబూ!"

బస్సంతా వెనక్కి తిరిగింది. రేడియో కూడా తిరిగింది. రెండు నెలలు అతనితో హాలు ఈ చివర నుంచి ఆ చివరికి మాట్లాడింది కానీ, అతని గొంతు సరిగ్గా వినడం ఇదే మొదలు. అంత మనిషికి తగ్గట్టు మనసులో బండ గొంతు ఒకటి తగిలించి పెట్టుకుంది. ఇది పిల్లనగ్రోవిలా సన్నగా, పైకి లేచి ఉంది.

ముసలావిడ పొడుగుని చూసింది. జిగురుని చూసింది. చేతిలోని బిస్కట్ని చూసింది. "అయితే మీకు మాటలొచ్చా?"

"వచ్చండీ," అంది జిగురు, బిస్కట్ నోట్లో ఉండగానే.

వాళ్లు దిగవలసిన స్టాపు ఇంకా రాలేదు. అయినా నలుగురూ దిగిపోయారు. కదిలిన బస్సు కిటికీలోంచి ఆవిడ చెయ్యి చూపించి ఏదో తిడుతోంది. తిడుతూ తిడుతూ తనే నవ్వడం రేడియో కంటపడింది.

ఎగ్జిబిషన్‌లో రేడియో చెలరేగిపోయింది. మైకుల్లో పాటలు, జనరేటర్లు, మరణబావి గోడల మీద తిరిగే మోటారు సైకిళ్లు, వేటికవే పోటీ పడుతుంటే ఆమె పెదాలు ఆగలేదు. జెయింట్ వీల్ పైకి వెళ్లినప్పుడు కింద నిలబడ్డ పిన్నికి పై నుంచే ఊరు ఎలా ఉందో వర్ణించింది. బడిలో నాటకం ఆడినప్పుడు స్టేజీ మీదికి దూడ ఎక్కిన కథ ఎత్తుకుంది. జిగురూ, పొడుగూ ఉడికించిన మొక్కజొన్న కంకులు పట్టుకుని కొరకడం మరిచిపోయారు. కథ మంచి పట్టులో ఉండగా మైకులో మూసేస్తున్నామని చెప్పి, పాటలు కట్టేశారు. ఆమె అక్కడే ఆపేసింది.

"తర్వాత?" అంది జిగురు.

రేడియో ఆవలించి చూపించింది. నిద్రొస్తోందని.

"రేపు చెప్పకపోతే నీ పని చెప్తా," అంది జిగురు.

పిన్ని రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టి తిప్పుకుంటోంది. "రేపు నేను చెప్పిన చోటికి రావాలి అందరూ. రెండు నెలలు ఆ మోత, సెలవిస్తే మళ్లీ ఈ మోత! నా చెవులు నన్ను బండబూతులు తిడుతున్నాయమ్మా. పార్కులో చెరువుంది. పడవలుంటాయి. చక్కగా తెడ్డు వేసుకుంటూ, నలుగురం నాలుగు మాటలు మాట్లాడుకుందాం. మనుషుల్లా."

ఆదివారం పొద్దున రేడియో లేవలేదు. అక్క వచ్చి దుప్పటి లాగింది. అక్కకి డ్యూటీ లేదు, తలకి నూనె రాసుకుని తీరిగ్గా ఉంది.

"వెళ్లవా?"

"వా... వాళ్లు ప... ప..."

"పార్కుకి వెళ్తున్నారు."

"ప... పడవ..."

"పడవ ఎక్కుతున్నారు. అక్కడ మాట్లాడాల్సి వస్తుందని భయం. అంతేనా?" అక్క మంచం మీద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. "పోనీలే. నీకు ఒంట్లో బాలేదని నేను మెసేజ్ పెట్టేస్తాను. లేదూ, నేను కూడా వచ్చి వాళ్లకి నెమ్మదిగా చెప్పనా? చెల్లెలికి ఇలా ఉంటుంది, ఏమీ అనుకోకండి అని?"

అక్క వేళ్లు జుట్టులో మెత్తగా కదులుతున్నాయి. ఆ ఒళ్లో అలాగే ఉండిపోవచ్చు. అక్క చెబుతుంది, వాళ్లు అయ్యో అంటారు. ఆ తర్వాత రేడియో అన్న పేరు మిగలదు. 'చెల్లెలికి ఇలా ఉంటుంది' అన్నదే మిగులుతుంది. బడిలో మిగిలినట్టు, బంధువుల ఇళ్లలో మిగిలినట్టు.

"వ... వద్దు," అని లేచి కూర్చుంది. "న... నేనే పోతాను."

పోతాను అందే కానీ, పార్కు గేటు దగ్గర చివరి ప్రయత్నం చేయకుండా ఉండలేదు. చెరువు ఒడ్డున రెండు రకాల పడవలున్నాయి. ఆమె గబగబా వెళ్లి మోటారు పడవని చూపించి, భలే ఉంటుందన్నట్టు బొటనవేలు ఎత్తింది. అది పొగ వదులుతూ డబడబలాడుతోంది.

"నీ మొహం," అంది పిన్ని. "దాని కంటే మన మడత మెషినే నయం."

చెక్క పడవ ఎక్కారు. పొడుగు మధ్యలో కూర్చుని తెడ్లు అందుకున్నాడు. పిన్ని, రేడియో ఒకవైపు, జిగురు ఎదురుగా. పడవలవాడు ఒడ్డు నుంచి తోసి, "టైము కాగానే ఈల వేస్తా, వచ్చెయ్యాలి," అని అరిచాడు.

చెరువు మధ్యకి వచ్చేసరికి ఊరు ఎక్కడికో పోయింది. తెడ్డు నీళ్లని తాకే చప్పుడు. పిన్ని చెప్పులు విప్పేసి, పాదాలు చాపుకుని, కళ్లు మూసుకుంది. "అబ్బ! ఎంత సుఖంగా ఉందే! ఇన్నాళ్లకి నా ఊపిరి నాకు వినపడుతోంది."

రేడియో మనసులో మొక్కుకుంటూ ఉంది, ఇలాగే ఉండనీ, ఎవరూ ఏమీ అడక్కుండా ఉండనీ అని. కానీ పడవలో జిగురు ఉంది.

"దూడ స్టేజీ ఎక్కింది. తర్వాత?"

రేడియో పెదాలతో అంది, 'తర్వాత చెప్తాలే.'

"ఇక్కడ పెదాలేంటే? ఎవరికి వినపడకూడదని? చేపలకా?"

"గొంతు పెట్టి చెప్పమ్మా," అంది పిన్ని కళ్లు మూసుకునే. "నేను కళ్లు తెరవక్కర్లేకుండా వింటాను."

పొడుగు కూడా అన్నాడు, ఆ సన్నటి గొంతుతో. "నిన్న సరిగ్గా దూడ దగ్గర ఆపేశారు రేడియో గారూ. రాత్రంతా అదే ఆలోచన. దిగిందా, లేదా?"

నీళ్లలోకి దూకి పారిపోవడానికి ఆమెకి ఈత రాదు. ఒడ్డు దూరంగా ఉంది. రేడియో ఊపిరి తీసుకుంది. 'మా బడిలో' అని మొదలుపెట్టాలి. మొదటి అక్షరానికి పెదాలు రెండూ కలిశాయి. కలిసి, బిగుసుకుపోయాయి.

ఏమీ రాలేదు.

ఆమెకి తర్వాత జరగబోయేది తెలుసు. కొందరు నీళ్ల వైపు చూస్తారు, ఏమీ గమనించనట్టు. కొందరు మాట అందిస్తారు, అది ఎప్పుడూ వేరే మాటే అవుతుంది. 'కంగారు లేదమ్మా, గట్టిగా ఊపిరి పీల్చుకో' అనేవాళ్లు ఇంకొందరు. వాళ్ల మొహాల్లో ఒక జాలి ఉంటుంది. ఆ జాలి చూశాక వచ్చే మాట కూడా రాదు. కళ్లు దించేసుకుంది.

ఏ మాటా వినపడలేదు. ఎంతసేపటికీ వినపడలేదు. ఆమె కళ్లెత్తి చూసింది.

పిన్ని కళ్లు తెరిచి లేచి కూర్చుని ఉంది. జిగురు మోకాళ్ల మీదికి వంగి ఉంది. పొడుగు తెడ్లు నీళ్లలోంచి ఎత్తి పట్టుకున్నాడు, వాటి చివర్ల నుంచి చుక్కలు పడుతున్నాయి. ముగ్గురూ ఆమె పెదాల వైపే చూస్తున్నారు. జాలి లేదు, కంగారు లేదు. హాల్లో చూసినట్టే. మాట మొదలైంది, ఇంకా అవలేదు, అయ్యేదాకా కన్ను తీయకూడదు. వాళ్లకది ఎంత మామూలంటే, తాము అలా చూస్తున్నామని కూడా వాళ్లకి తెలియదు.

"మ్... మ్... మా బడిలో," అంది రేడియో. మాట తలుపు విరగ్గొట్టుకుని వచ్చినట్టు బయటపడింది. పడవ దానంతట అది మెల్లగా తిరిగింది.

జిగురు నోరు వెళ్లబెట్టింది. "ఏంటే ఇది? నీకు నత్తా?"

"ఏయ్," అని పిన్ని ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చింది.

"ఊఁ," అంది రేడియో.

"మరి రెండు నెలల పాటు మా బుర్రలు తిన్నదెవరే?"

"న... నేనే."

"పెదాలతో అయితే నత్తి రాదా?"

"రాదు."

"ఎందుకని?"

"తె... తెలీదు. నాకే తె... తెలీదు."

జిగురు తల గోక్కుంది. "భలే ఉందే," అంది. ఇంకేమీ తోచక, "సరే, దూడ సంగతి చెప్పు," అంది.

రేడియోకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ మింగి, కథ ఎత్తుకుంది. అది పెదాల కథలా పరిగెత్తలేదు. రాళ్ల బాటలో బండిలా ఎక్కడపడితే అక్కడ ఆగింది. బడి నాటకంలో తను చెట్టు వేషం వేసింది. ఒళ్లంతా నిజం కొమ్మలు కట్టారు. ఆ పచ్చని ఆకులు చూసి, దారిన పోయే...

"ద... ద... దూ..."

"దూడ!" అంది జిగురు ఆగలేక.

"ఊహించొద్దన్నారా లేదా?" పొడుగు కోపంగా తెడ్డు ఎత్తాడు. "పేజీ నంబర్లు పోతాయి!"

"నీ అనుభవం నాకెందుకురా?"

"ఉండు జిగురూ," అంది రేడియో. "న... నేను చెప్తాను కదా." అంది కానీ, అన్నాక తనే ఆశ్చర్యపోయింది. ఇంతవరకు ఎవరితోనూ ఆ మాట అనలేదు. అక్కతో కూడా.

జిగురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

దూడ స్టేజీ ఎక్కింది. చెట్టుని కింద నుంచి తినడం మొదలుపెట్టింది. చెట్టు కదలకూడదని మాస్టారు మరీ మరీ చెప్పారు కాబట్టి చెట్టు కదల్లేదు. మోకాళ్ల దాకా ఆకులు పోయాయి. నడుం దాకా పోయాయి. రాజుగారు పరిగెత్తి వచ్చి దూడని తోకపట్టి లాగితే కిరీటం ఊడి దూడ మెడలో పడింది. అలా కిరీటంతోనే అది ఊరంతా తిరిగింది. పిన్ని నవ్వీ నవ్వీ పడవ అంచు పట్టుకుంది. పొడుగు నవ్వితే కోడిపిల్ల అరిచినట్టుంది. దానికి మిగతా ముగ్గురూ మళ్లీ నవ్వారు.

నవ్వులు సద్దుమణిగాక పిన్ని కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "అది సరే కానమ్మా. నాకు పెదాల మాట పట్టుపడడానికి ఏడాది పట్టింది. నువ్వు వచ్చిన మూడో రోజుకే హాలంతా ఏలేశావు. ఎక్కడ నేర్చావు?"

రేడియో నీళ్ల వైపు చూసింది. కథలో ఆమె వదిలేసిన ముక్క ఒకటి ఉంది. నిన్న పెదాలతో చెప్పినప్పుడు కూడా వదిలేసిందే. నవ్వించే ముక్క కాదది. దాన్ని దాటేసి, 'ఏమో' అనేస్తే సరిపోతుంది. ఒక్క ముక్క మాటలు తొందరగా వచ్చేస్తాయి. పెద్దవి చెప్పాలంటేనే కష్టం.

"న... నాకు రాణి వేషం కావాలి అ... అప్పుడు," అంది. "మాటలన్నీ వచ్చు. రాణివి, రాజువి, అందరివీ. మాస్టారు మంచాయన. నీకు క... కష్టం తల్లీ, చెట్టు వెయ్యి అన్నారు. చెట్టయితే మ... మాట్లాడక్కర్లేదుగా."

ఎవరూ ఆమె పెదాల మీంచి కళ్లు తీయలేదు.

"రాణి మాట్లాడుతుంటే, నేను వె... వెనక కొమ్మల్లో ఉండి, అన్నీ... పెదాలతో... రాణితో పాటు అన్నీ చెప్పేదాన్ని. రోజూ. ఇంట్లో కూడా, అ... అద్దం ముందు. అక్కడ నేర్చాను."

పిన్ని చెయ్యి చాపి ఆమె చెవి వెనక్కి జుట్టు సర్దింది. ముక్కు ఎగబీల్చింది.

"ఇప్పుడు వచ్చా ఆ మాటలు?" అని అడిగింది జిగురు.

"ఏ మాటలు?"

"రాణివే. మర్చిపోయావా?"

రేడియో తల అడ్డంగా ఊపింది. మర్చిపోలేదు.

"అయితే చెప్పు."

"ఇ... ఇక్కడా?"

"ఇక్కడ కాకపోతే కత్తి మెషిన్ పక్కనా? చెప్పవే. పిన్నీ, చెప్పమను."

పిన్ని సర్దుకుని కూర్చుంది. పొడుగు తెడ్లు పడవలో అడ్డంగా పెట్టేశాడు. రేడియో వీపు నిటారుగా చేసుకుంది. పడవలో లేచి నిలబడాలనిపించింది కానీ, ఊగుతోందని ఊరుకుంది. ఆ మాటల్లో మొదటిది 'భటులారా'. ఉన్న అక్షరాల్లో ఆమెకి అన్నింటికంటే బరువైనది ఆ 'భ' అక్షరమే.

"భ..."

ఒడ్డు నుంచి ఈల వినపడింది. పడవలవాడు చెయ్యి ఊపుతున్నాడు. "టైమైపోయింది! వచ్చెయ్యండి!"

ఆమె ఆగిపోయింది. అలవాటు కొద్దీ, పోన్లే అనబోయింది. తన మాట కోసం ఎవరైనా ఆగవలసి వచ్చినప్పుడల్లా ఆమె పోన్లే అనేస్తుంది.

పొడుగు అప్పటికే తెడ్లు అందుకుని పడవ మూతి ఒడ్డుకి ఎడంగా తిప్పేశాడు. "ఇంకో గంట రాసుకో అన్నా!" అని కేక వేశాడు. సన్నటి గొంతు చెరువంతా పాకింది. "ఇక్కడ రాణిగారు మాట్లాడుతున్నారు!"

"ఎవరూ?" అన్నాడు పడవలవాడు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. రేడియో పోన్లే అనలేదు. మళ్లీ మొదటి నుంచి, తొందరపడకుండా, ఆ బరువైన అక్షరాన్ని పెదాల మధ్యకి తెచ్చుకుంది.

"భ... భ... భటులారా!"

దూరంగా ఇంకో పడవలో వాళ్లు తల తిప్పి చూశారు. చూడనీ అనుకుంది. రాణి చెప్పవలసింది ఇంకా చాలా ఉంది.